మామ లోడు కట్టిన తీరు

హైదరాబాదులో అద్దె ఇల్లు కుదిరిందని చెప్పినప్పుడు మామ బాడుగ ఊసెత్తలేదు. "లిఫ్టు వాకిలి ఎంత ఎత్తుంది?" అన్నాడు. తెలీదన్నాను. లోపలికి పోయి గోనెసంచులు కుట్టే పురికొస ఉండ తెచ్చి నా చేతిలో పెట్టినాడు. "మళ్లా పోతావు గదా. లిఫ్టు వాకిలి ఎత్తుకు ఒక ముడి, లిఫ్టు లోపలి లోతుకు రెండు ముళ్లు, ఇంటి తలుపు వెడల్పుకు మూడు ముళ్లు ఏసుకోని రా. అంకెలు నాకొద్దు. అంకెలు మనిషి రాసేటప్పుడు తప్పుతాడు, తాడు తప్పదు."

మా తమ్ముడు ఇల్లు మారినప్పుడు బీరువా మూడు రోజులు అపార్టుమెంటు సెల్లార్లోనే ఉండిపోయింది. ఆ సంగతి మామకు తెలుసు. నేను ముళ్లు వేసుకొచ్చిన తాడును మా బీరువా పక్కన వేలాడదీసి చూసినాడు. రెండు వేళ్లు తక్కువ. అడుగున ఉన్న ఇనుప స్టాండు విప్పితే ఆ రెండు వేళ్లే గాక ఇంకో నాలుగు వేళ్లు చోటు మిగులుతుంది. ఇల్లు మారడానికి ఇంకా నెల ఉండగానే స్టాండు బోల్టులకు నూనె పోయించి, తుప్పు వదిలించి, మళ్లీ చేత్తో బిగించి పెట్టినాడు. ఆ రోజు నుంచి ఆయన పని తీరును నేను శ్రద్ధగా గమనిస్తూ వచ్చాను. ఈ వ్యాసం రాయడానికి కారణం అదే.

మామది మంగంపేట. కోడూరు పక్కన, మద్రాసు - బొంబాయి రైలు మార్గానికి దగ్గర్లో ఉన్న ఊరు. ప్రపంచంలో ఒక్కచోట ఇంత బెరైటీస్ ఉన్న నిక్షేపం ఇంకోటి లేదు. మేము దాన్ని ముగ్గురాయి అంటాం. 1961లో ఏర్పడిన ప్రభుత్వ గనుల సంస్థ ఏపీఎండీసీ ఇక్కడ తవ్వకాలు చేస్తోంది. రాయిని చుట్టుపక్కల మిల్లుల్లో పొడి కొట్టి సంచులకెత్తుతారు. చమురు బావి తవ్వేటప్పుడు లోపలి నుంచి గ్యాసు, నూనె తన్నుకు రాకుండా అదిమిపట్టే బురదలో ఈ పొడిని కలుపుతారు. ఆ పనికి దీని బరువే అర్హత. నీళ్లకంటే నాలుగు రెట్లకు పైగా బరువు. ఒక్క ఘనపు మీటరు రాయి నాలుగు టన్నులు దాటుతుంది. అందుకే మా రోడ్డు మీద ముగ్గురాయి లారీని చూస్తే తొట్టి సగం కూడా నిండనట్టు కనిపిస్తుంది, టైర్లు మాత్రం నేలకు అణిగిపోయి ఉంటాయి.

అట్లాంటి లోడు మోసి, పేర్చి పెరిగిన చేతులు మామవి. చూపుకు నిండినదానికీ బరువుకు నిండినదానికీ తేడా ఆయనకు ఒంట్లోనే తెలుసు. ఇంటి సామాను ముగ్గురాయికి సరిగ్గా తలకిందులు. బరువు నిండకముందే చోటు అయిపోతుంది. ఇంటి సామానులో రాయిలాంటిది ఏదో మామ ముందు వెతుకుతాడు. మా ఇంట్లో బీరువా, గ్రైండరు, రోలు తర్వాత ఆయన వేలు నా పుస్తకాల అలమర మీద ఆగింది. "ఇది ముగ్గురాయే" అన్నాడు. పుస్తకాలన్నీ బిస్కెట్ల అట్టపెట్టెలంత చిన్నవాటిలో సర్దించినాడు. నేను తెచ్చిన పెద్ద పెట్టెలు బట్టలకు పోయినాయి. పెద్ద పెట్టె నిండా పుస్తకాలు పెడితే అడుగు జారిపోతుంది, ఎత్తేవాడి నడుమూ పోతుంది. ఈ మాట ఎవరైనా చెప్పగలరు. ప్రతి పెట్టెనూ తానే ఒకసారి ఎత్తి చూసి, బరువనిపిస్తే నాలుగు పుస్తకాలు తీయించి, చివరి పెట్టె దాకా విసుక్కోకుండా చేసినవాణ్ని మాత్రం నేను ఒక్క మామనే చూశాను.

పెట్టెల మీద రాత మా చిన్నమ్మది. కువైట్‌లో ఇళ్లలో పనిచేసి వచ్చిన మనిషి. మా వైపు ఆ దేశానికి మనుషులు పోని పల్లె అరుదు. ఆమె కార్గో పెట్టెలు కట్టిన చేత్తో ప్రతి పెట్టెకూ నాలుగు పక్కలా, పైనా రాసింది. పెట్టె ఎట్లా తిరిగి ఉన్నా ఒక రాత కనబడాలని. మామ దానికి ఇంకోటి కలిపినాడు, సుద్దతో ఒక అంకె. అది దించే వరుస.

ఈ పని మొత్తానికి ప్రాణం ఆ అంకెలోనే ఉంది. లారీకి ఉన్నది ఒకటే వాకిలి. ముందు ఎక్కింది చివర దిగుతుంది. అందుకని మామ ఎక్కించడం గురించి ఆలోచించడు, దించడం గురించే ఆలోచిస్తాడు. నా భార్యను కూర్చోబెట్టి అడిగినాడు: "దిగంగానే నీకేం కావల్లమ్మా?" చీపురు, తాగే నీళ్లు, పాలగిన్నె, పిల్లకు పరుపు అని ఆమె చెప్పింది. "పొయ్యి మర్చిపోతివే. గ్యాసు ఈడ అప్పజెప్పి పోతారు గదా, ఆడ కొత్తది ఎప్పుడిస్తారో." సిలిండరు, రెగ్యులేటరు ఇక్కడి డీలరుకు తిరిగిచ్చి, డిపాజిట్ తీసుకుని, కనెక్షను వదులుకున్న కాగితం పట్టుకుపోయి అక్కడ కొత్తగా రాయించుకోవాలి. ఆ నాలుగు రోజుల కోసం కరెంటు పొయ్యి కొనిపించినాడు. అది కూడా చివరే ఎక్కాలి.

ఇక్కడే ఒక చిక్కు ఉంది. బరువైన బీరువా, మంచాలు క్యాబిన్ వైపు పడాలి, లేకపోతే బండి తోక బరువై ఊగుతుంది. క్యాబిన్ వైపు పడితే అవి చివర దిగుతాయి. అప్పటికి కొత్త ఇల్లు పెట్టెలతో నిండి బీరువాకు దారి ఉండదు. మామ మా వసారాలో సుద్దతో కొత్త ఇంటి పటం గీసినాడు, నా చేత తలుపులన్నీ చెప్పించుకుని. ముందు దిగే పెట్టెలన్నీ ఒకే గదిలోకి, వంటింట్లోకి మాత్రమే. హాలు, పడకగది ఖాళీగా ఉండాలి. వాకిలి నుంచి పడకగది మూల దాకా పటంలో ఒక గీత గీసి "ఇది బీరువా బాట, దీంట్లో చెంబు కూడా పెట్టగూడదు" అన్నాడు.

కాగితాల పని నాది. పాప టీసీ, నా బండికి ఆర్టీవో ఎన్‌ఓసీ. ఇప్పుడు హైదరాబాదు వేరే రాష్ట్రం. బండిని 12 నెలలకు మించి అక్కడ ఉంచుకుంటే అక్కడే మళ్లీ రిజిస్టరు చేయించాలి.

ప్లేట్ల మీద వ్యాసమంతా రాసినా చాలదు. కోడూరు బొప్పాయి తోటల్లో కాయకు కాగితం చుట్టి, అడుగున గడ్డి పరిచి లారీకెత్తడం మామ చూసి నేర్చుకున్నాడు. పింగాణీ ప్లేట్లను పడుకోబెట్టలేదు, కాగితం చుట్టి అంచు మీద నిలబెట్టినాడు. పడుకున్న ప్లేటు పైదాని బరువు మోస్తుంది, నిలబడిన ప్లేటు తన బరువే మోస్తుంది. గ్లాసుల నడుమ చిన్నపిల్ల పాత గౌన్లు దూర్చినాడు. ఎట్లాగూ తేవాల్సిన గుడ్డే గదా, గడ్డి దండగెందుకు?

లోడు రోజు 14 అడుగుల ఐషర్ వచ్చింది. ఫ్రిజ్ ముందు రోజే ఆపి, నీళ్లు తుడిచి ఉంచాం. దాన్ని నిలబెట్టే ఎక్కించినాడు. బీరువా తొట్టి పక్క చెక్కకు ఆనుకుని నిలిచింది, అద్దం వైపు మా పరుపు. ఆయన పేర్పులో ఏ రెండు వస్తువుల మధ్యా ఖాళీ లేదు. చెయ్యి పట్టే సందు కనబడితే దిండు, వేలు పట్టే సందైతే మడిచిన గోతం. కదలడానికి చోటు లేనిది విరగదు. ఆఖరున తాళ్లు. తాడును మెలివేసి ఒక కన్ను చేసి, కొసను కొక్కెం కిందుగా తిప్పి ఆ కన్నులోంచి లాగితే ఒక మనిషి ఇద్దరి బలంతో బిగించినట్టు బిగిసింది. అదే ముడి కొస పట్టుకుని గుంజితే ఒక్క క్షణంలో ఊడిపోతుంది. టార్పాలిన్ వెనక అంచును కింద నుంచి పైకి గాక పై నుంచి కిందికి మడిచినాడు, వాన పడితే నీళ్లు జారిపోయేలా.

"రెండున్నర టన్నులు ఉంటాది" అన్నాడు. మిల్లు దగ్గర కాటా ఎక్కిస్తే తేడా అరవై కిలోలు.

పగటిపూట నగరంలో లారీలకు ఆంక్షలుంటాయి కాబట్టి తెల్లవారేలోపు చేరేలా సాయంత్రం నాలుగింటికి బయల్దేరాం. రాజంపేట, కడప, మైదుకూరు, ఆళ్లగడ్డ, నంద్యాల. సుమారు 500 కిలోమీటర్లు. కర్నూలు దాటుతున్నప్పుడు నాకు ఒక పెద్ద ఇల్లు మారడం గుర్తొచ్చింది. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని అయిన ఈ ఊరు, 1956 నవంబరు 1న ఆ హోదాను హైదరాబాదుకు అప్పగించింది. ఒక ప్రభుత్వం తన ఫైళ్లు, బల్లలు, బీరువాలు కట్టుకుని ఈ దారినే పోయింది. ఆ లోడు ఎవరు కట్టారో, వాళ్ల చేతులను ఎవరైనా చూశారో అనుకుంటూ తుంగభద్ర వంతెన దాటాను. మామ క్యాబిన్‌లో నిద్రపోలేదు. గుంత వచ్చినప్పుడల్లా వెనక్కి చెవి పెట్టి విన్నాడు. లోపల ఏదీ చప్పుడు చేయలేదు.

తెల్లవారుజామున దించడం మొదలైంది. ముందు చీపురు దిగింది, తర్వాత పొయ్యి, పాలగిన్నె. సుద్ద అంకెల ప్రకారం పెట్టెలు వంటింట్లోకి పోతూనే ఉన్నాయి. నా భార్య కరెంటు పొయ్యి మీద పాలు పెట్టింది. అవి పొంగేసరికి మామ కింద కూర్చుని బీరువా స్టాండు విప్పుతున్నాడు. నూనె పోసిన బోల్టులు చేత్తోనే తిరిగాయి. బీరువా లిఫ్టు వాకిట్లోకి వంగకుండా, పైన నాలుగు వేళ్ల సందుతో, నిలబడే వెళ్లింది.