చేతివేళ్ళకు తెలిసిన దారి

పెన్సిల్వేనియా పల్లెల్లో ఇల్లు అంటుకుంటే, చాలాచోట్ల ముందుగా పరుగెత్తుకొచ్చేది జీతగాళ్ళు కాదు. పక్క వీధి మెకానిక్కు, బడి పంతులు, పాడి రైతు. వాళ్ళ దళం పేరు వాలంటీర్ ఫైర్ కంపెనీ. 1736లో బెంజమిన్ ఫ్రాంక్లిన్, ఆయన మిత్రులు ఫిలడెల్ఫియాలో యూనియన్ ఫైర్ కంపెనీ పెట్టుకున్నప్పుడు తోలు బకెట్లు, సామాను మోసే సంచులు ఎవరివి వాళ్ళే సిద్ధంగా ఉంచుకోవాలన్నది నియమం. నెలనెలా కలవాలి, రానివాళ్ళు జరిమానా కట్టాలి. ఆ డబ్బుతోనే నిచ్చెనలు, కొక్కేలు కొన్నారు. ఇప్పటి కంపెనీలు చాలావరకు వారానికో సాయంత్రం సాధనకు కేటాయిస్తాయి. దాన్ని డ్రిల్ నైట్ అంటారు.

మంటను ఆర్పడం కంటే పొగలో దారి తప్పకుండా ఉండటమే కష్టమైన విద్య. అందుకే మాస్కు అద్దానికి గుడ్డ కప్పి, ఏమీ కనబడని గదిలోకి ఇద్దరిద్దరిని పంపుతారు. మోకాళ్ళ మీద పాకుతూ, ఒక చెయ్యి గోడ మీదనుంచి తియ్యకుండా, రెండో చేత్తో మంచాల కింద, తలుపుల వెనక వెతకాలి. పిల్లలు భయపడి దాక్కునేది అక్కడే. గోడ తప్పిపోతే నీళ్ళ గొట్టమే దిక్కు. రెండు గొట్టాలు కలిసే అతుకు దగ్గర బొడిపెలుంటాయి. వాటిలో పొడుగు బొడిపెలున్న వైపు పట్టుకుని పాకితే బయటపడతారు. మందపాటి గ్లవుజుల్లోంచి ఆ తేడా వేళ్ళకు తెలియాలంటే పుస్తకం చాలదు, పదేపదే తడమాలి.

మాస్కుకు గాలినిచ్చే సిలిండరు అరగంటదని చెప్పినా, ఒళ్ళు అలిసేకొద్దీ చాలా ముందే అయిపోతుంది. ఊపిరిని అదుపులో పెట్టుకోవడం కూడా నేర్పాల్సిన పనే.

మంటలార్పే నీళ్ళ కుళాయిలు, అంటే హైడ్రెంట్లు, లేని పల్లెలో నీళ్ళ సంగతి వేరు. మడత తొట్టి నేలమీద పరిచి, ట్యాంకర్లతో వంతులవారీగా నింపుతారు. లేదా చెరువులోకి గట్టి గొట్టం వేస్తారు. పంపు గొట్టంలోని గాలిని తీసేస్తుంది, బయటి వాతావరణ పీడనం నీళ్ళను పైకి నెడుతుంది. అతుకులో చిన్న సందున్నా గాలి దూరి నీళ్ళు రావు. అందుకే ప్రతి బిగింపునూ చేత్తో మళ్ళీ మళ్ళీ చూసుకుంటారు. చూసేవాళ్ళకు ఇది చాదస్తంలా ఉంటుంది. నా దృష్టిలో ఈ కంపెనీల గొప్పతనమంతా ఈ చాదస్తంలోనే ఉంది. పగలంతా మరో పని చేసుకుని, పైసా తీసుకోకుండా వచ్చినవాళ్ళు పడే శ్రద్ధ ఇది.

కానీ ఇలాంటివాళ్ళు తగ్గిపోతున్నారు. 1970లలో సుమారు 3 లక్షలున్న పెన్సిల్వేనియా వాలంటీర్లు 2018 నాటికి 38 వేలకు తగ్గారని శాసనసభ వేసిన కమిషన్ చెప్పింది. ఫిలడెల్ఫియా శివార్లలో మన తెలుగు కుటుంబాలు ఎన్నో స్థిరపడ్డాయి. మీ టౌన్‌షిప్‌ను కాపాడేది ఇలాంటి కంపెనీయేమో కనుక్కోండి. ఒక డ్రిల్ నైట్‌కు వెళ్ళి చూడండి. మంటలోకి దిగలేకపోయినా లెక్కలు రాయడానికి, విరాళాల విందులో వడ్డించడానికి వాళ్ళకు మనుషులు కావాలి.