ప్రాచీన యుద్ధతంత్రక్రీడలలో యంత్రరాజుల నడవడి, చరిత్ర సమతౌల్యము

కర్నూలు మండలమునందలి ఎఱ్ఱగుడి శిలలపై అశోకుని 14 ధర్మలిపులును చెక్కబడియున్నవి. వానిలో 13వదానియందు రెండు పేర్లు రెండు వేఱు స్థానములలో వచ్చును. ఆంధ్రులు చక్రవర్తి యేలుబడిలోని జనులలో చేరిరి. చోళులును పాండ్యులును, తామ్రపర్ణివఱకు, ఎల్లకు వెలుపలివారుగా చెప్పబడిరి. తామ్రపర్ణి యనగా నదియో లంకయో యను చర్చతో ఇచట పనిలేదు. రాజపాళయమందలి తెలుగువారికి ఈ రెండు పేర్లును ఇంటిపేర్ల వంటివే. నాలుక మీది మాట మొదటివారిది, కాలి క్రింది నేల రెండవవారిది. నందుల రాజ్యమును గ్రహించి, సెల్యూకసుతో సరితూగి, హిందూకుష్ పర్వతములవఱకు వ్యాపించిన మౌర్యసామ్రాజ్యము పాండ్యుల పొలిమేరయొద్ద ఏల ఆగెను? మౌర్యుల రథములు దక్షిణమునకు వచ్చినట్లు సంఘకాలపు తమిళ పద్యములలో ప్రస్తావన గలదు. వచ్చియుండిన వచ్చియుండవచ్చును, ఏలుబడి మాత్రము నిలువలేదు.

ప్రాచీనప్రపంచమును ప్రదర్శించు యుద్ధతంత్రక్రీడలకు ఈ ప్రశ్నయే తగిన గీటురాయి. ఇవి కంప్యూటరు తెఱపై ఆడునవి. దేశపటమే ఆటబల్ల. ఆటగాడు ఒక రాజ్యమును చేపట్టును. తక్కిన రాజ్యముల నన్నింటిని యంత్రమే నడపును. ఆ నడపు బుద్ధికి కృత్రిమమేధ యని పేరు. స్వీడను దేశపు పారడాక్స్ సంస్థ 2019 ఏప్రిల్ 25న వెలువరించిన 'ఇంపరేటర్: రోమ్' ఈ జాతిలో మిక్కిలి విశాలమైనది. దాని కాలము క్రీ. పూ. 304లో మొదలై క్రీ. పూ. 27లో ముగియును. పేరు రోముదే యైనను పటము బ్రిటను దీవులనుండి భారతదేశమువఱకు పఱచుకొనియున్నది. మౌర్యులు అందు మహాబలులు. అశోకుని రాజ్యకాలము ఆట నడుమ పడును. కావున ఎఱ్ఱగుడి ప్రశ్నను ఈ ఆటను అడుగుట అన్యాయము కాదు.

ఇట్టి క్రీడలలో యంత్రరాజు తలపోయు తీరు స్థూలముగ ఇది: పొరుగువాని సేన యెంత, వాని మిత్రులెవరు, కోటలెన్ని, తన బొక్కసమున ధనమెంత యని ఒక్కొక్కదానికి మార్కులు వేయును, మొత్తము ఒక మేరను దాటినచో దండెత్తును. ఈ లెక్కలో తప్పు లేదు, కొఱత యున్నది. గెలిచిన నేల సేనను పెంచును. పెరిగిన సేన తరువాతి గెలుపును సులభము చేయును. పొరుగున బలహీనుడుండుటయే యుద్ధమునకు చాలిన కారణమగును. అట్టి లెక్కకు పాండ్యదేశము ఒక కబళము మాత్రమే. ఆటగాడు కఠినతరమైన స్థాయిని కోరినను యంత్రమునకు వివేకము పెరుగుట అరుదు. సాధారణముగ ధనమో సైన్యమో అదనముగ దక్కును. అది పులికి మఱియొక కోఱ తగిలించుట వంటిది.

పులిమాట వచ్చినది గనుక పులిజూదమును తలచుకొనుట తగును. తమిళులు దీనినే ఆడుపులియాట్టమందురు. 3 పులులు, 15 మేకలు. పులి దూకి మేకను పట్టును. మేకలు కూడి పులిని కదలనీయక బంధించును. బలములు సమానములు కావు. ఆట మాత్రము సమతూకముగ సాగును. పూర్వులు మేకకు కోఱలిచ్చి పులితో సమము చేయలేదు. మేకకు తగిన గెలుపును వేఱుగ కల్పించిరి. తెఱమీది క్రీడలలో సమతౌల్యమనగా పెద్దరాజ్యమును చిన్నది చేయుటయో, చిన్నరాజ్యమునకు కానుకలిచ్చుటయో యగుచున్నది. పాండ్యుని గెలుపు పాటలీపుత్రమును పట్టుకొనుట కాదు; ముత్యముల వర్తకము సాగుట, మధుర నిలుచుట. రాజపాళయమునకు దక్షిణమున తెన్కాశిలో 15వ శతాబ్దియందు పరాక్రమపాండ్యుడు విశ్వనాథుని ఆలయమును కట్టించునాటికి మౌర్యుల పేరు గ్రంథములలోను శిలలపైనను మాత్రమే మిగిలియుండెను. ఎవరు గెలిచినట్లు?

కళింగము సంగతి మఱింత లోతైనది. పట్టాభిషేకమైన 8 సంవత్సరములకు అశోకుడు దానిని జయించెను. 1,00,000 మంది హతులైరనియు, 1,50,000 మంది చెఱగొనిపోబడిరనియు, అంతకు పలురెట్లు నశించిరనియు ఆ 13వ లిపియే చెప్పుచున్నది. యంత్రరాజునకు అది లాభదినము. అశోకుడో ధర్మవిజయమే మేలైన విజయమనెను. దీనిని వట్టి మెత్తదనముగ చూపుటయు పొరపాటే. ఆయన కళింగమును తిరిగి యీయలేదు. పశ్చాత్తాపమున్నను శక్తియు నున్నదని అడవిజనులను ఆ లిపియందే హెచ్చరించెను. కళింగమునందలి ధౌలి, జౌగడలలో ఆ లిపిని చెక్కింపనేలేదు. పశ్చాత్తాపము, పట్టుదల, లౌక్యము ఒక్క రాజునందే కలిసియున్నవి. క్రీడానిర్మాతలు ఇట్టి స్వభావమునకు శాంతిప్రియుడను ముద్ర వేసి, యుద్ధపు మార్కులను కొంత తగ్గించి సరిపుచ్చుదురు. అట్లు పుట్టినవాడు అశోకుడు కాడు. ఆకలి తగ్గిన మఱియొక యంత్రరాజు.

కౌటిల్యుని అర్థశాస్త్రము సంధి, విగ్రహము, ఆసనము, యానము, సంశ్రయము, ద్వైధీభావము అని 6 గుణములను చెప్పినది. యంత్రరాజులకు సంధివిగ్రహములు తెలియును. యానము అవసరమునకు మించి తెలియును. ఆసనమే పట్టుబడలేదు. సేన చాలక కదలకుండుట వేఱు. చాలియుండియు, కాలమును తూచి కూర్చుండుట వేఱు.

ఆట ముగియు కాలమునకు తరువాతిదైనను సముద్రగుప్తుని దక్షిణయాత్ర ఇచట చెప్పదగినది. వేంగి హస్తివర్మను, పిష్ఠపుర మహేంద్రుని, కంచి విష్ణుగోపుని ఆయన పట్టుకొని, విడిచి, అనుగ్రహించినట్లు ప్రయాగ స్తంభశాసనము చెప్పుచున్నది. పిష్ఠపురమనగా నేటి పిఠాపురమే. ఆర్యావర్తపు రాజులనో పెల్లగించెను. ఒక్క రాజే దగ్గఱివారియెడ ఒక నీతిని, దూరపువారియెడ మఱియొక నీతిని నడపెను. వేంగిని గంగాతీరమునుండి ఏలుట ఎంత వ్యయమో ఎఱిగినవాడు. 'ఇంపరేటర్'నందు ఓడినవానిని సామంతునిగ నిలుపు రూపము లేకపోలేదు. రూపముండుట చాలదు, విడుచుటయే లాభమని యంత్రమునకు తోచు కారణమును కల్పింపవలెను. దూరము, అడవి, వర్షాకాలము, గ్రాసము, పన్ను తెచ్చు అధికారి నిజాయితీ లెక్కలోనికి వచ్చినపుడే ఆ కారణము పుట్టును.

ఈ విషయమున ఆ క్రీడకు ఈయవలసిన మెప్పు కలదు. ప్రాంతపాలకులు, సేనాపతులు, వారి కుటుంబములు అందు పేర్లతో నుందురు. వారి విశ్వాసము సన్నగిల్లినచో అంతర్యుద్ధము రేగును. సామ్రాజ్యమునకు హద్దు లోపలినుండి పుట్టుట చరిత్రకు దగ్గఱి భావము. అదే యేట వెలువడిన 'ఫీల్డ్ ఆఫ్ గ్లోరీ: ఎంపైర్స్' పెరుగుటతోపాటు క్షీణతయు పేరుకొనునట్లు చేసి ఈ దారినే పట్టినది. తొలిరూపమున 'ఇంపరేటర్' రాజశక్తిని నాణెములవలె కూడబెట్టి వ్యయించు పద్ధతిని పెట్టి నిందపడెను. ఆ యేడే దానిని తొలగించిరి. 2021 ఫిబ్రవరిలో గొప్ప సవరణ వచ్చెను. కొలది నెలలకే నిర్మాణము ఆగిపోయెను. ఈ నడుమ అదనపు సంపుటములు యవనులకును, కార్తేజునకును, అలెగ్జాండరు వారసులకును దక్కినవి. భారతదేశమునకు ప్రత్యేకముగ నొక్కటియు రాలేదు. పటమున చోటిచ్చి, పంక్తిలో విస్తరి వేయకుండుట యిది.

జరిగినదే మఱల జరుగవలెనన్నచో ఆటయెందుకని కొందఱందురు. వారి మాట కొట్టివేయదగినది కాదు. పాండ్యులు ఓడిపోవుటయు ఊహకు అందునదే. అయితే 100 పర్యాయములు ఆట సాగినపుడు కొన్నిమార్లు వారు పడిపోయినచో అది చరిత్రయొక్క మఱియొక దారి. ప్రతిమారును పడిపోయినచో అది యంత్రముయొక్క అలవాటు.

రాజపాళయము పేరులోనే ఈ లెక్కకందని వ్యవస్థ యొకటి దాగియున్నది. విశ్వనాథనాయకుని కాలమున మధురరాజ్యము 72 పాళెములుగ ఏర్పడెనని ప్రసిద్ధి. పాళెగాడు కప్పము కట్టును, అడిగినపుడు సేనను పంపును, తన నేలను తానేలును, మధుర సడలిన నాడు తల యెత్తును. అతడు స్వతంత్రుడును కాడు, జయింపబడినవాడును కాడు. దేశపటమున ఒక్కొక్క రాజ్యమునకు ఒక్కొక్క రంగు పూయు నిర్మాత ఆ పాళెములకు ఏ రంగు పూయవలెనో ఇంకను తేల్చుకొనలేదు.