నోట్సు చదువులును బెలుం గుహలును

మన కళాశాలల బోధనలో నొక లోపము చాలకాలముగా పాతుకొని యున్నది. ఉపన్యాసకుడు చెప్పును; విద్యార్థి వ్రాసికొనును; పరీక్షలో దానినే తిరిగి యొప్పగించును. మార్కులు వచ్చును గాని విషయము మనస్సున నిలువదు. ఈ లోపమును ఒక స్థలము దృష్టాంతముగా చూపదలచితిమి.

నంద్యాల జిల్లాలో కొలిమిగుండ్లకు సమీపమున బెలుం గుహలున్నవి. 1884లో రాబర్ట్ బ్రూస్ ఫుట్ అను ఆంగ్ల భూగర్భశాస్త్రజ్ఞుడు వీనిని పరిశీలించెను. దాదాపు నూరేండ్లకు పిమ్మట, 1982-83లో, హెర్బర్ట్ డేనియల్ గెబౌర్ నాయకత్వమున నొక జర్మను బృందము లోనికి దిగి సమగ్రముగా శోధించినది. రాష్ట్ర పర్యాటక సంస్థ పూనికతో 2002లో ఇవి ప్రజలకు తెరువబడినవి.

తరగతిలో నేమి జరుగును? "గుహల పొడవు 3,229 మీటరులు" అని విద్యార్థి వ్రాసికొనును. వంకర దారులను చీకటిలో నెట్లు కొలుతురు? కొలతలో తప్పు దొరలినచో నెట్లు పట్టుకొందురు? చూడవచ్చిన వారికి సుమారు ఒకటిన్నర కిలోమీటరు మాత్రమే తెరచి యుంచుట కేమి కారణము? ఈ ప్రశ్నలు పుట్టకయే పాఠము ముగియును. ఫలము చేతికి వచ్చినది. పండించు విధము తెలియలేదు.

"విద్యార్థులను తీసికొనిపోవుచునే యున్నాము గదా" యని కొంద రనవచ్చును. బస్సులో పోయి, ఛాయాచిత్రములు దిగి, భోజనము చేసి మరలుట విహార మగును గాని విద్య కాదు. యాత్రకు ముందే ప్రశ్న సిద్ధముగా నుండవలెను. కోటిలింగాల గుహలో రాతి రూపములు లింగములవలె నున్నవి. వాననీరు బొగ్గుపులుసు వాయువును గ్రహించి సున్నపురాతిని కరగించును. బొట్టుబొట్టుగా జారుచు ఆ సున్నమును మరల విడుచును. రసాయనశాస్త్రము చదువువాడు ముందుగా ప్రయోగశాలలో సున్నపుతేటలోనికి ఆ వాయువును పంపి, తెల్లబడుటయు, ఇంకను పంపగా మరల తేరుటయు చూచి, ఆ పిమ్మట గుహలోనికి పోయినచో రాయి వానితో మాటలాడును. జైన బౌద్ధ భిక్షువు లిచట వసించిరని చెప్పుదురు, చరిత్ర విద్యార్థి "దేని యాధారమున?" అని యడుగవలెను. అడిగినవానిని గురువు గద్దింపక మెచ్చవలెను.

మేము సంస్కృతమును ఆంగ్లమును చదివినవారము, వల్లెవేయుటను నిందింపము. అయితే మన పూర్వులు వల్లెవేయించి యూరకుండలేదు. పిమ్మట వాక్యార్థము జరిపించిరి. నేటి నోట్సు చదువునకు మొదటి సగమే దక్కినది. పైగా 2021-22 నుండి డిగ్రీ బోధన యంతయు ఆంగ్లముననే సాగవలెనని ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము నిర్ణయించెను. ఆంగ్లము నేర్వవలసినదే. కాని అర్థము తెలియక వాక్యమును మ్రింగువానికి ఆంగ్లమును రాదు, శాస్త్రమును రాదు. చూచినదానిని మొదట తన తెలుగులో తోటివానికి వివరించి, ఆపై ఆంగ్లమున వ్రాయుట మేలు.

పరీక్ష మారక బోధన మారదు. యాత్రలో స్వయముగా వ్రాసిన పుస్తకమునకు కొన్ని మార్కులుండవలెను. ఒకరిది చూచి మరియొకరు వ్రాయకుండుటకు ప్రతివానిని పదినిమిషములు నోటితో ప్రశ్నింపవలెను. ఇందులకు ఉపన్యాసకునకు తీరిక యీయవలసిన బాధ్యత కళాశాలది.

గృహస్థులతో నొక మాట. ఆడపిల్లను గుహలకు పంపుట యేలయని యాపివేయు తల్లిదండ్రులు ఆమె చదువులో నొక భాగమును తమ చేతులతోనే కత్తిరించుచున్నారు. అధ్యాపికను తోడు పంపుడని, పేదపిల్లల ప్రయాణవ్యయమును భరింపుడని కళాశాలను గట్టిగా నడుగుడు. బిడ్డ యింటికి వచ్చినపుడు ఎన్ని మార్కులు వచ్చినవని యడుగుటకు ముందు, "ఈ సంగతి నిజమని నీ కెట్లు తెలిసినది?" అని యడిగి చూడుడు. ఆ ప్రశ్నకు జవాబు చెప్పవలసి వచ్చునని తెలిసిన విద్యార్థి మరునాడు తరగతిలో తన గురువును తప్పక ప్రశ్నించును.