కోబాట్‌కి గురువెవరు?

కోబాట్ అంటే కంచె లేకుండా మనుషుల పక్కనే పనిచేసే రోబో చెయ్యి. దాన్ని అమ్మడానికి మా షెడ్డుకి వచ్చేవాళ్లందరూ ఒకే విద్య చూపిస్తారు. కదులుతున్న రోబో చేతికి తమ చెయ్యి అడ్డం పెడతారు. అది తగిలీ తగలగానే ఆగిపోతుంది. చూస్తున్న ఓనరు మొహం వెలిగిపోతుంది. నేను మాత్రం వస్తువుని పట్టుకునే గ్రిప్పర్ వైపు చూస్తాను. ఎప్పుడూ ఖాళీయే. అప్పుడే లేత్ మీంచి దిగిన, అంచుల మీది పదునైన బర్ ఇంకా తియ్యని స్టీలు జాబ్ ఒకటి దానికి పట్టించి, ఇప్పుడు పెట్టండి సార్ చెయ్యి అంటే ఇంతవరకు ఒక్కరూ పెట్టలేదు.

వేళాకోళానికి అనడం లేదు. మనుషుల పక్కన పనిచేసే రోబోల కోసం 2016లో ఐఎస్‌ఓ టీఎస్ 15066 అనే పత్రం వచ్చింది. ఒంట్లో ఏ భాగానికి ఎంత దెబ్బ వరకు ఫరవాలేదో అందులో పట్టిక ఉంది. ముఖానికి 65 న్యూటన్లు, అంటే దాదాపు ఆరున్నర కిలోల బరువు పెట్టి నొక్కినంత. వేళ్లకు 140. మొత్తం బలానికే కాదు, చదరపు సెంటీమీటరు మీద పడే ఒత్తిడికీ హద్దు ఉంది. జాబ్ అంచు పదునుగా ఉంటే బలం కొంచెమే అయినా ఆ హద్దు దాటిపోతుంది, చర్మం తెగుతుంది. పైగా ఈ హద్దుల్లో ఉండాలంటే రోబో చెయ్యి నిదానంగా కదలాలి. సైకిల్ టైం చాలడం లేదని స్పీడు పెంచి, చివరికి చుట్టూ కంచె కట్టుకున్నవాళ్లు నాకు తెలుసు. కంచె అక్కర్లేదనే కదా కొన్నది!

మేం చదువుకునే రోజుల్లో రోబో అంటే కంచె లోపలిదే. 1979లో అమెరికాలోని మిషిగన్‌లో ఒక కార్ల కంపెనీ ఫౌండ్రీలో రాబర్ట్ విలియమ్స్ అనే కార్మికుడు రోబో చెయ్యి తగిలి చనిపోయిన సంగతి సేఫ్టీ పాఠాల్లో ఇప్పటికీ చెబుతారు. 1990ల్లో నార్త్‌వెస్టర్న్ యూనివర్సిటీలో కోల్గేట్, పెష్కిన్ తయారుచేసిన తొలి కోబాట్ అయితే తనంతట తాను కదిలేది కూడా కాదు. మనిషి తోస్తే, ఎటు వెళ్లాలో మాత్రం అది చూసుకునేది. తర్వాత డెన్మార్క్‌లో యూనివర్సల్ రోబోట్స్ వాళ్లు 2008లో తేలికపాటి చెయ్యి అమ్మడం మొదలుపెట్టారు. పుణె దగ్గర చాకన్‌లో బజాజ్ ఆటో 2010కల్లా వీటిని మోటార్‌సైకిళ్ల లైన్‌లోకి తెచ్చింది.

కోబాట్‌లో నాకు ఆసక్తి కలిగించేది దానికి పని నేర్పే పద్ధతి. బటన్ నొక్కి పట్టుకుంటే చెయ్యి వదులవుతుంది. పలక మీద పిల్లాడి చేత అక్షరాలు దిద్దించినట్టు దాన్ని పట్టుకుని ట్రే దగ్గరికి, అక్కడి నుంచి జాబ్‌ని బిగించే చక్ దగ్గరికి తీసుకెళ్లి, ఒక్కోచోటా పాయింట్ సేవ్ చేయాలి. గంటలో ఎవరికైనా వస్తుంది. అందుకే చాలాచోట్ల ఆ గంట పని ల్యాప్‌టాప్‌తో వచ్చిన కుర్ర ఇంజనీరు చేసి వెళ్లిపోతాడు. ప్రోగ్రాం నడుస్తుంది, రిజెక్షన్లూ వస్తుంటాయి.

మా సీఎన్‌సీ మెషీన్ దగ్గర అదే జరిగింది. బోర్ ఒకసారి సరిగ్గా వస్తుంది, ఒకసారి పక్కకి పోతుంది. ఆ మెషీన్ మీదే తల నెరిసిన ఆపరేటర్ అన్న కాసేపు చూసి, "గాలి కొట్టకుండ జాబ్ పెడ్తే ఎట్ల కూసుంటది సార్?" అన్నాడు. ఆయన జాబ్ పెట్టే ముందు చక్ జాస్ మీద ఎయిర్ గన్‌తో ఒక్కసారి కొడతాడు. స్టాపర్‌కి ఆనించి, కొంచెం తిప్పి, మళ్లీ నొక్కి అప్పుడు బిగిస్తాడు. సన్నటి చిప్ ఒక్కటి కింద ఇరుక్కున్నా ఆ తిప్పడంలో వేలికి గరుకు తెలిసిపోతుంది. డ్రాయింగ్‌లోనూ ప్రాసెస్ షీట్‌లోనూ ఈ తిప్పడం లేదు. ఆయన చేతే కోబాట్ చెయ్యి పట్టించి నేర్పించాం. ముందు గాలి, తర్వాత మెత్తగా నొక్కడం, కాస్త తిప్పడం. గరుకు తెలిసే వేలు కోబాట్‌కి లేదు కనుక, నొక్కినప్పుడు జాబ్ స్టాపర్ దాకా వెళ్లకపోతే ఆగిపోయేలా ఒక లైను నేను కలిపాను. రిజెక్షన్లు తగ్గాయి.

కోబాట్ కొనేటప్పుడు వేసే లెక్కలో ఎంతమంది ఆపరేటర్లు తగ్గుతారు, పెట్టుబడి ఎన్ని నెలల్లో వెనక్కి వస్తుంది అనే గడులుంటాయి. నేర్పినవాడికి ఎంత అనే గడి నేనెక్కడా చూడలేదు. తన పనిని దానికి అప్పజెప్పేవాడు, ఆ తర్వాత తన కుర్చీ ఉంటుందో లేదో తెలియకుండా మొత్తం గుట్టు విప్పి ఎందుకు చెప్పాలి? చెప్పకుండా దాచుకున్నా నేను తప్పు పట్టను. మా అన్న చెప్పాడంటే అది ఆయన మంచితనం, కంపెనీ గొప్ప కాదు.

ప్రోగ్రాం షీట్ మీద నేర్పిన ఆపరేటర్ పేరు రాయాలనీ, ఆయన్ని సెట్టర్ గ్రేడ్‌లోకి తీసుకుని జీతం పెంచాలనీ నేను రెండూ కలిపి అడిగాను. పేరు రాయడానికి మా ఓనరు వెంటనే ఒప్పుకున్నాడు. జీతం సంగతి "చూద్దాంలే" అన్నాడు. వచ్చే నెల రెండో కోబాట్ వస్తోంది. గ్రేడ్ లెటర్ చేతికి వచ్చాకే దానికి పని నేర్పమని అన్నకి చెప్పాను.