ముందు కప్పు, తర్వాతే అద్దాల పెట్టె

మ్యూజియంలో అడుగుపెట్టగానే అందరూ వస్తువులు చూస్తారు. నేను ముందు కప్పు చూస్తాను, తర్వాత గోడల మూలలు. పాత వస్తువులను కాపాడే పని దగ్గరుండి చూసినవాళ్లకు ఈ అలవాటు అంటుకుంటుంది.

చింతలనార్ ఒకప్పుడు బస్తర్ సంస్థానంలో జమీందారీ, ఇప్పుడు సుక్మా జిల్లాలో ఓ ఊరు. ఆ చుట్టుపక్కల కోయ, దోర్ల కుటుంబాల చరిత్ర కాగితాల్లో కన్నా సొరబుర్రల్లో, వెదురు బుట్టల్లో, విల్లంబుల్లో, డోళ్లలో ఎక్కువ దొరుకుతుంది. 2011 మార్చిలో ఆ దగ్గర్లోని తాడ్‌మెట్ల, మోర్‌పల్లి, తిమాపురం ఊళ్లలో ఇళ్లు తగలబడ్డాయి. బుట్ట మళ్లీ అల్లుకోవచ్చు, తాత అల్లింది మాత్రం తిరిగి రాదు. జగదల్‌పూర్‌లో 1972లో వెలసిన మానవశాస్త్ర మ్యూజియం లాంటివి ఎందుకు నిలబడాలో చెప్పడానికి నాకు ఇంతకన్నా కారణం అక్కర్లేదు.

మ్యూజియం చేరినా వస్తువులకు ముప్పు తప్పదు: కర్రకు చెద, ఇనుముకు తుప్పు, తోలుకు బూజు, ఇత్తడికి చిలుము. అన్నిటికీ దారి తీసేది చెమ్మే. వానల్లో ఉబ్బి, ఎండల్లో బిగుసుకుని కర్ర నిలువునా చీలుతుంది. పగలు ఏసీ నడిపి రాత్రి ఆపేస్తే ఆ ఉబ్బడం, బిగియడం రోజూ జరుగుతాయి. అంతకన్నా కిటికీలకు నీడ, గదికి గాలి ఉండటం మేలు. పాత సున్నపు గోడలకు సిమెంటు పూసి బాగుచేశామనుకుంటే, లోపలి తేమ బయటికి పోలేక గోడనే తినేస్తుంది.

దాతలకు ఇవేవీ కంటికి ఆనవు. అద్దాల పెట్టె ఇస్తే దాని మీద పేరు ఉంటుంది, వాననీటి గొట్టం ఇస్తే ఏముంటుంది? మృగశిర కార్తెకు ముందే పెంకులు తిప్పించుకునే మన పెద్దలు ఈ లెక్క వేసుకోలేదు.

కప్పు తర్వాత కావలసింది రిజిస్టరు. ఏ ఊరు, ఎవరిచ్చారు, ఏ ఏడాది, దేనికి వాడేవారు అన్న నాలుగు ముక్కలు లేకపోతే వస్తువు మిగిలినా దాని చరిత్ర పోయినట్టే. ఆ చివరి ప్రశ్నకు జవాబు చెప్పగలిగినవాళ్లు ఇంకా ఆ ఊళ్లలోనే ఉన్నారు. బస్సు చార్జీ, ఆ రోజు కూలి ఇచ్చి పెద్దవాళ్లను మ్యూజియానికి పిలిపించాలి. వాళ్లు చెప్పింది వాళ్ల భాషలోనే రాయించాలి.

మీ దగ్గర్లోని మ్యూజియానికి సాయం చేయాలనుకుంటే, మే నెలలోనే వెళ్లి రెండే అడగండి: నీళ్లు ఎక్కడ కారుతున్నాయి, రిజిస్టరు ఎక్కడిదాకా వచ్చింది? చెక్కు ఆ జవాబులను బట్టి రాయండి.