వ్యాకరణం నుంచి మనిషి దాకా: తొదొరోవ్ ప్రయాణం

సాహిత్య విమర్శలో “నిర్మాణవాదం” అన్న మాట కనపడగానే చాలామంది పాఠకులు పేజీ తిప్పేస్తారు. పటాలు, బాణం గుర్తులు, నోరు తిరగని పేర్లు చూసి, ఇది కథలంటే ఇష్టం లేనివాళ్ళు చేసే పని అనుకుంటారు. ఆ వాదానికి పునాదులు వేసినవారిలో ఒకరైన త్స్వెతాన్ తొదొరోవ్ (1939–2017) జీవితాన్నీ పుస్తకాలనీ కలిపి చదివితే ఆ అభిప్రాయం నిలవదు. ఆయన కూడా మనలాగే పుట్టిన ఊరు వదిలి, పరాయి భాషలో బతుకు వెతుక్కున్నవారు కావడం మనకు అదనపు ఆసక్తి.

తొదొరోవ్ బల్గేరియా రాజధాని సోఫియాలో పుట్టారు. తల్లిదండ్రులిద్దరూ గ్రంథాలయ ఉద్యోగులే. ఆయన విశ్వవిద్యాలయంలో చేరేనాటికి దేశం కమ్యూనిస్టు పాలనలో ఉంది. ఒక రచన మంచిదా కాదా అన్నది పార్టీ సిద్ధాంతంతో సరిపోల్చి తేల్చేవారు. నిజం చెబితే ప్రమాదం, అబద్ధం చెబితే ఆత్మవంచన. ఈ రెండింటి మధ్య ఆయన ఒక సందు వెతుక్కున్నారు. చదువు చివర్లో రాయాల్సిన పరిశోధన వ్యాసానికి ఒక బల్గేరియన్ కథ తాలూకు రెండు కూర్పులను తీసుకుని, రచయిత చేసిన మార్పులను వ్యాకరణపరంగా మాత్రమే పరిశీలించారు. క్రియాపదాలతో ఏ సెన్సారుకైనా పేచీ ఏముంటుంది? రూపాన్ని పట్టుకోవడం ఆయనకు పాండిత్య విలాసం కాదు, తలదాచుకునే చోటు.

1963లో పారిస్ చేరి, రోలాఁ బార్త్ దగ్గర పరిశోధన చేశారు. 1965లో రష్యన్ రూపవాదుల వ్యాసాలను ఫ్రెంచిలోకి తెచ్చారు. 1970లో జెరార్ జెనెట్, ఎలెన్ సిక్సూలతో కలిసి ‘పొయెతిక్’ పత్రిక మొదలుపెట్టారు. 1969లో వచ్చిన ‘డెకామెరాన్ వ్యాకరణం’ ఆ దశలో ఆయన పద్ధతికి మంచి నమూనా. బొకాచియో 14వ శతాబ్దంలో రాసిన వంద కథల సంపుటాన్ని తీసుకుని, కథలను వాక్యాల్లా విడగొట్టారు. పాత్రలు నామవాచకాలు, వాటి గుణాలు విశేషణాలు, చేసే పనులు క్రియలు. ఆ క్రియలను కూడా వడగట్టి మూడే మిగిల్చారు: పరిస్థితిని మార్చడం, కట్టుబాటు మీరడం, శిక్షించడం. ‘నరటాలజీ’, అంటే కథనశాస్త్రం అన్న పేరు పుట్టింది ఈ పుస్తకంలోనే.

ప్రోగ్రాములు రాసి బతికే నాలాంటివాడికి ఇలాంటి పుస్తకం ఇట్టే నచ్చుతుంది. వెయ్యి లైన్ల కోడ్‌ను యాభై లైన్లకు కుదించినప్పటి తృప్తి ఇందులో ఉంది. అయితే ఈ కుదింపు తిరిగి విప్పడానికి వీల్లేనిది. ఆ మూడు క్రియల్లోంచి బొకాచియో కొంటెతనాన్ని మళ్ళీ రాబట్టలేం.

అలాగని ఆ చూపు వృథా కాదు. ‘వెయ్యిన్నొక్క రాత్రులు’ మీద ఆయన రాసిన వ్యాసం చూడండి. అక్కడ కొత్త పాత్ర రావడమంటే కొత్త కథ మొదలవడమే. చెప్పడానికి కథ ఉన్నంతసేపే ప్రాణం. షెహ్రజాదే బతికింది అందుకే. ఇది చదివాక నాకు మన భేతాళ కథలు కొత్తగా కనపడ్డాయి. తెలిసీ చెప్పకపోతే విక్రమార్కుడి తల పగులుతుంది. చెబితే మౌనం చెడి శవం మళ్ళీ చెట్టెక్కుతుంది. చెప్పడం షెహ్రజాదేను బతికిస్తుంది, విక్రమార్కుణ్ణి బతికిస్తూనే ఓడిస్తుంది. నీతి కోసం వెతికేవారికి ఈ తేడా దొరకదు. కథ కట్టిన తీరు చూసేవారికే దొరుకుతుంది.

1982లో ‘అమెరికా ఆక్రమణ’ వచ్చేసరికి ఆయన చూపు కథల నుంచి మనుషుల మీదికి మళ్ళింది. స్పానిష్ వాళ్ళు కుక్కలకు వేసి చంపిన ఒక మాయా స్త్రీకి ఆ పుస్తకాన్ని అంకితమిచ్చారు. కోర్తెస్ అజ్‌టెక్కులను అర్థం చేసుకోలేక నాశనం చేయలేదని, వాళ్ళ సంకేతాలను చక్కగా చదివి, దుబాసి మలించె సాయంతో ఆ తెలివినే ఆయుధం చేసుకున్నాడని ఆయన వాదన. అర్థం చేసుకున్నంత మాత్రాన గౌరవిస్తామన్న నియమం లేదన్నమాట. అయితే మశూచినీ, స్పానిష్ వాళ్ళతో చేతులు కలిపిన త్లాస్కాలా ప్రజల బలాన్నీ తక్కువ చేసి, సంకేతాలకే అంత బరువు ఇవ్వడం నాకు సమ్మతం కాదు.

ఆయన రూపవాదాన్ని వదిలేశారని కొందరంటారు. కోర్తెస్‌ను అలా చదవగలిగింది ఆ చదువు వల్లనే కదా! ఆశ్రయంగా పట్టుకున్నదాన్ని స్వేచ్ఛ దొరికాక పనిముట్టుగా వాడుకున్నారు, అంతే.

ఆ మార్పు వెనక ఆయన వలస కూడా ఉంది. పద్ధెనిమిదేళ్ళ తర్వాత, 1981లో, ఒక సదస్సు కోసం సోఫియా వెళ్ళేముందు, జాతీయ భావాల గురించి ఫ్రెంచిలో రాసుకున్న ప్రసంగాన్ని బల్గేరియన్‌లోకి మార్చబోయారు. మాటలు మారాయి గానీ వాదన నిలవలేదు. పారిస్‌లో ధైర్యంగా ధ్వనించే విమర్శ అక్కడ ఇంకెవరి పక్షమో అయిపోతోంది. ఇక్కడి నుంచి అక్కడి రాజకీయాల మీద వ్యాసాలు రాసే మనం ఈ అనుభవాన్ని జాగ్రత్తగా చదవాలి.

2007లో ‘ప్రమాదంలో సాహిత్యం’ అనే చిన్న పుస్తకం రాశారు. ఫ్రెంచి బడుల్లో పిల్లలకు కథ ఏం చెబుతోందో కాక, విమర్శకుల పద్ధతులు నేర్పుతున్నారని ఆయన బాధ. ఆ బాధ న్యాయమైనదే. కానీ ఆయన మందు ఆయన దేశపు జబ్బుకు. మన సంగతి వేరు. వల్లంపాటి వెంకటసుబ్బయ్య గారి ‘కథాశిల్పం’ వంటివి ఉన్నా, మన సభల్లో కథ మీద చర్చ ఎక్కువగా అది ఎవరి పక్షం, ఏ వాదం, ఏ సందేశం అన్నచోటే ఆగిపోతుంది. కథ ఎవరి నోట నడిచింది, ఎక్కడ మొదలైంది, ఏది దాచింది అని అడిగేవారు తక్కువ. సోఫియాలో యువకుడైన తొదొరోవ్‌కు ఊపిరాడనిచ్చినవి ఇలాంటి ప్రశ్నలే. మనం 2007 తొదొరోవ్‌ను మెచ్చుకునే ముందు 1969 తొదొరోవ్‌ను కొంతకాలం చదువుకోవడం మంచిది.