ముగ్గుతో గీసిన ఊరు

వ్యవసాయ బీఎస్సీ చివరి ఏడాదిలో విద్యార్థులు తరగతి గది వదిలి పల్లెలో మకాం పెడతారు. వాళ్లు 'రావెప్' అని పిలుచుకునే గ్రామీణ కృషి అనుభవ కార్యక్రమం అది. 2015 జులైలో కేంద్రం ప్రారంభించిన 'స్టూడెంట్ రెడీ'లో ఇదొక భాగం. అక్కడ వాళ్లు చేసే పనుల్లో నన్ను అన్నిటికన్నా ఆకట్టుకునేది రంగుముగ్గుతో నేల మీద వేసే ఊరి వనరుల పటం.

ముందు రచ్చబండ దగ్గర నేల ఊడ్చి, నీళ్లు చల్లుతారు. దిక్కులు కుదుర్చుకుని గుడి, బడి, చెరువు వంటి అందరికీ తెలిసిన గుర్తులతో మొదలుపెడతారు. అసలు పనితనం ఆ తర్వాత తెలుస్తుంది. ముగ్గు రైతు చేతికిచ్చి విద్యార్థి వెనక్కి జరగాలి. కాలువ వంకరగా వస్తుంటే దిద్దాలని చెయ్యి లాగుతుంది. ఓర్చుకుంటే పక్క రైతే ముందుకొస్తాడు. "తూము అక్కడ కాదు బావా, ఇంకా కిందికి" అని చెరిపి గీస్తాడు. ఆ వాదనలోనే చివరి మడికి నీరెందుకు అందడం లేదో బయటపడుతుంది. పశువులకు గడ్డి దొరికే గట్లు, వేసవిలో ఎండిపోయే బోర్లు ఆడవాళ్లకు బాగా తెలుసు. అందుకే మంచి బృందం వాళ్లను విడిగా కూర్చోబెట్టి మరో పటం గీయిస్తుంది.

గీసింది నిజమో కాదో నడిచి చూస్తారు. మెరక నుంచి పల్లం దాకా ఊరికి అడ్డంగా సాగుతూ నేల, పైరు, నీటి వసతి, సమస్యలు గడులవారీగా రాసుకుంటారు. ఏ పురుగు ఎక్కువ ముంచుతోందో తేల్చడానికి చింతపిక్కలిస్తారు. అక్షరం రాని రైతు కూడా పిక్కలు పేర్చి తన లెక్క చెబుతాడు. పంటల క్యాలెండర్‌లో మృగశిర, ఆరుద్ర కార్తెల పక్కనే జూన్ అని రాసే విద్యార్థిని చూస్తే ముచ్చటేస్తుంది. రైతు కాలమానం అలాగే నిలిచింది, నివేదికా పూర్తయింది.

చివరికి పటాన్ని చార్టు మీదికి ఎక్కించి, ఓ మూల గీసినవాళ్ల పేర్లు రాస్తారు. గీసింది ఊరే కాబట్టి ఆ పేర్లు అక్కడ ఉండి తీరాలి.

ఈ పట్టభద్రుల్లో కొందరు రేపు తెలంగాణలో సుమారు 5,000 ఎకరాల క్లస్టరు చూసే వ్యవసాయ విస్తరణ అధికారులవుతారు. కొందరు ఆంధ్రలో రైతు సేవా కేంద్రాల్లో చేరతారు. అంత నేలకు సలహా చెప్పేవాళ్లకు రైతు మాట చివరిదాకా వినే ఓర్పు కావాలి. ముగ్గు రైతు చేతికిచ్చిన రోజే ఆ ఓర్పు అలవడుతుంది. అందుకే ఈ పటాన్ని దిద్దేటప్పుడు రంగుల పొందిక కన్నా ముందు, ఊరివాళ్లు చెరిపి గీసిన చోట్లకు మార్కులు వేయాలి.